డబుల్ వ్యామీ: ఎవరికి? ఎవరిది?



ఇంగ్లిష్ పేపర్ చదివే అలవాటున్న వాళ్లకి "డబుల్ వ్యామీ" అనే మాట కొత్తేం కాదు. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షకో ప్రిపేర్ అవుతున్న వాళ్లయితే ఇడియమ్స్ లిస్టులో చూసి బట్టీ కూడా పట్టి ఉంటారు. లిస్టులో అర్థం ఒక్క ముక్కలో ఉంటుంది: రెండు కష్టాలు కలిసి రావడం. పరీక్షకి అది చాలు. ఒక మార్కు వస్తుంది.

కానీ ఈ మాట పరీక్ష పేపర్లోనే ఉండిపోదు. పంట పోయి ధర కూడా పడిపోతే "డబుల్ వ్యామీ ఫర్ ఫార్మర్స్" అని హెడ్డింగ్ పెడతారు. వరదొచ్చి, ఆ వెనకే జ్వరాలొస్తే "డబుల్ వ్యామీ ఫర్ ట్రైబల్స్" అంటారు. మన ఊళ్ల గురించి, మన బతుకుల గురించి పై వాళ్లు చదివే భాషలో ఈ మాట వాడుతున్నారు. ఆ వార్త చదివే అధికారి, జడ్జి, ఢిల్లీలో కూర్చున్న పరిశోధకుడు మన కష్టాన్ని ఈ మాట గుండానే చూస్తారు. అందుకే అది ఏం చెప్తోందో, ఏం దాస్తోందో మనకి తెలిసి ఉండాలి. ఈ వ్యాసం దాని గురించే.

ముందు వాడుక సంగతి. డబుల్ వ్యామీ అంటే ఏ రెండు కష్టాలైనా కాదు. మూడు షరతులు ఉన్నాయి. ఒకటి, దెబ్బలు రెండూ వేరువేరుగా ఉండాలి. ఒకే కష్టాన్ని రెండు రకాలుగా చెప్పి డబుల్ అంటే కుదరదు. "పంట పోయింది, దిగుబడి రాలేదు" అంటే అది ఒక్క దెబ్బే. రెండు, రెండూ ఒకే మనిషికో, ఒకే ఊరికో, ఒకే కాలంలో తగలాలి. మూడు, రెండూ కలిసినందువల్ల నష్టం ఇంకా పెద్దది కావాలి. ఈ మూడో షరతే అసలైనది. సాధారణంగా దీన్నే మర్చిపోతారు. మూడు దెబ్బలైతే ట్రిపుల్ వ్యామీ అంటారు. మంచి విషయాలకి ఈ మాట వాడరు. నెలలో రెండు ఉద్యోగాలొస్తే అది డబుల్ వ్యామీ కాదు, అదృష్టం.

ఇప్పుడు ఈ మాట ఎక్కడ పుట్టిందో చూద్దాం. అసలు కథ అక్కడే ఉంది.

"వ్యామ్" అంటే ఇంగ్లిష్‌లో గట్టిగా కొట్టిన చప్పుడు. మనం "ధన్" అనో "ఫట్" అనో అంటామే, అలాంటిది. దాన్నించి "వ్యామీ" వచ్చిందంటారు. అమెరికాలో 1940ల నాటికి ఆటల వార్తల్లో ఈ మాట తిరుగుతోంది. అప్పటి అర్థం దెబ్బ కాదు, దిష్టి. ఎవడో కళ్లతో చూసి ఎదుటివాడి అదృష్టాన్ని పాడుచేయడం. న్యూయార్క్ బాక్సింగ్ రింగుల దగ్గర బెంజమిన్ ఫింకిల్ అనే మనిషి ఉండేవాడు. అందరూ "ఈవిల్ ఐ ఫింకిల్" అనేవాళ్లు, అంటే దిష్టికళ్ల ఫింకిల్. రింగు పక్కన కూర్చుని బాక్సర్ మీద చూపు పెట్టడం అతని ప్రత్యేకత.

ఆల్ క్యాప్ అనే కార్టూనిస్టు ఆ మనిషిని చూసే ఒక పాత్రని సృష్టించాడని చెప్తారు. ఆయన "లిల్ ఆబ్నర్" అనే బొమ్మల కథ 1934 నుంచి 1977 దాకా అమెరికా పేపర్లలో వచ్చింది. అందులో 1951లో "ఈవిల్ ఐ ఫ్లీగిల్" అనేవాడు ప్రవేశించాడు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వాడు. వదులుగా వేలాడే సూటు, భయపెట్టే మొహం. వాడి చూపే వాడి ఆయుధం. మామూలు వ్యామీ విసిరితే దూసుకొచ్చే ఎద్దు ఉన్నచోటే ఆగిపోతుంది. డబుల్ వ్యామీ విసిరితే ఆకాశాన్నంటే భవనం కూలిపోతుంది. ట్రిపుల్ వ్యామీకి యుద్ధనౌక కరిగిపోతుంది, కానీ అది విసిరాక ఫ్లీగిల్ కూడా చచ్చినంత పనవుతుంది. ఆ కథతో "డబుల్ వ్యామీ" ఇంటింటి మాటైంది.

నవ్వొచ్చే కథే. కానీ ఇందులో రెండు సంగతులు గమనించండి.

మొదటిది లెక్క. ఒక వ్యామీకి ఎద్దు ఆగితే, రెండు వ్యామీలకి రెండు ఎద్దులు ఆగాలి కదా? ఆగలేదు. భవనం కూలింది. అంటే రెండో దెబ్బ మొదటిదానికి కూడిక కాదు, హెచ్చవేత. ఇందాక చెప్పిన మూడో షరతు ఇదే.

రెండోది యజమాని. ఆ కథలో వ్యామీ ఆకాశంనుంచి ఊడిపడలేదు. విసిరేవాడు ఒకడున్నాడు. వాడికో పేరుంది, ఊరుంది, వేసుకునే బట్టలున్నాయి. భవనం కూలితే "అయ్యో, కూలిపోయిందే" అని ఎవరూ ఊరుకోరు. ఫ్లీగిల్ ఎక్కడ అని వెతుకుతారు.

ఇప్పటి హెడ్డింగుల్లో మాట మిగిలింది, ఫ్లీగిల్ మాయమయ్యాడు.

ఎలా మాయమయ్యాడో తెలియాలంటే 1992లో బ్రిటన్‌కి వెళ్లాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో అక్కడ పార్లమెంటు ఎన్నికలు. అధికారంలో ఉన్న కన్సర్వేటివ్ పార్టీ ఒక పోస్టర్ వేసింది. రెండు పెద్ద ఎర్ర బాక్సింగ్ గ్లవ్స్. ఒకదాని మీద పన్నులు పెరుగుతాయని, రెండోదాని మీద ధరలు పెరుగుతాయని. పైన "లేబర్స్ డబుల్ వ్యామీ" అని రాసి ఉంది. అప్పటిదాకా బ్రిటన్‌లో చాలామందికి ఆ అమెరికా మాటకి అర్థమే తెలీదు. ఆ పోస్టర్‌తో తెలిసింది. ఎన్నికల్లో జాన్ మేజర్ నాయకత్వంలో కన్సర్వేటివ్‌లే గెలిచారు. పోస్టర్ చెప్పింది నిజమా కాదా అనేది వేరే సంగతి. ఆ మాట ఎలా కట్టారో చూడండి. లేబర్ పార్టీ వారి డబుల్ వ్యామీ. ఎవరిదో చెప్పారు. పేరు పెట్టి, గ్లవ్ తొడిగి మరీ చూపించారు.

ఇప్పుడు మన దగ్గర హెడ్డింగ్ పక్కన పెట్టండి. "డబుల్ వ్యామీ ఫర్ ట్రైబల్స్". గిరిజనులకు డబుల్ వ్యామీ. ఎవరికి తగిలిందో ఉంది. ఎవరిదో లేదు.

అధికారం కోసం కొట్లాడుకునే రెండు పార్టీల మధ్య ఈ మాట వాడినప్పుడు దానికి యజమాని ఉంటాడు. అదే మాట పేదవాళ్ల గురించి వాడినప్పుడు యజమాని ఊడిపోతాడు. "ఎవరిది" తీసేసి "ఎవరికి" పెడతారు. ఒక్క విభక్తి మారితే నేరం కాస్తా వాతావరణం అయిపోతుంది.

వాతావరణం అంటే గుర్తొచ్చింది. ఇలాంటిదే ఇంకో మాట ఉంది, "పర్ఫెక్ట్ స్టార్మ్". 1991 అక్టోబర్ చివర్లో అమెరికా తూర్పు తీరంలో వేరువేరు గాలులు, తుఫానులు ఒకచోట కలిసి ఘోరమైన తుఫాను పుట్టింది. ఆండ్రియా గెయిల్ అనే చేపల పడవ ఆరుగురు మనుషులతో సహా సముద్రంలో మునిగిపోయింది. దాని మీద సెబాస్టియన్ యంగర్ రాసిన పుస్తకం 1997లో వచ్చింది, 2000లో సినిమా వచ్చింది. ఆ పుస్తకం పేరే ఈ మాట. అక్కడి వరకు న్యాయమే, అది నిజంగా తుఫానే కాబట్టి. కానీ 2008లో అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు కుప్పకూలినప్పుడు కూడా దాన్ని పర్ఫెక్ట్ స్టార్మ్ అన్నవాళ్లున్నారు. కట్టలేని వాళ్లకి ఇంటి అప్పులు అంటగట్టింది ఎవరు? ఆ అప్పుల్ని మూటకట్టి అమ్ముకున్నది ఎవరు? చూడాల్సిన కళ్లు మూసుకున్నది ఎవరు? తుఫాను అనేస్తే ఆ ప్రశ్నలన్నీ గాలికి పోతాయి. గాలిని ఎవరూ కోర్టుకి లాగలేరు కదా.

ఇదంతా ఇంగ్లిష్ వాళ్ల కుట్ర అనుకోకండి. మన తెలుగు సామెతలు కూడా రెండు రకాలుగా ఉన్నాయి. "మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టు" అంటాం. తాటికాయ దానంతటదే పడింది. ఎవర్నీ అడగడానికి లేదు. నక్క ఖర్మ. "గోరుచుట్టు మీద రోకటిపోటు" అంటాం. గోరుచుట్టు దానంతటదే లేచింది, నిజమే. కానీ రోకలి దానంతటది లేవదు. పట్టుకున్న చెయ్యి ఒకటుంటుంది. "పుండు మీద కారం చల్లినట్టు" అంటాం. కారం గాలికి ఎగిరొచ్చి పడలేదు. చల్లినవాడున్నాడు.

కాబట్టి ఏ జంట కష్టం గురించి మాట్లాడినా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. పడింది తాటికాయా? రోకలా?

తెలుగు పత్రికల భాష కూడా తాటికాయ వైపే మొగ్గుతుంది. "ఊరు ముంపుకు గురైంది." "భూములు పోయాయి." "వేలమంది నిర్వాసితులయ్యారు." ఈ వాక్యాల్లో చేసినవాడు ఎక్కడున్నాడు? నిర్వాసితులవడం అంటే వయసు మీదపడ్డం లాంటిదా, దానంతటది జరగడానికి? నిర్వాసితుల్ని చేశారు అనాలి. చేశారు అన్నామంటే, ఎవరు అని పక్కవాడు అడుగుతాడు. ఆ అడగడమే వద్దనుకుంటే "అయ్యారు" అని రాస్తే సరిపోతుంది.

ఉదాహరణకి రెండు సంగతులు తీసుకుందాం. రెండూ మీకు తెలిసినవే.

2020 వేసవి. మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించారు. మనకి అది ఏ కాలం? చింతపండు చేతికొచ్చి, ఇప్పపువ్వు రాలి, ఆ వెనకే తునికాకు కోతకొచ్చే కాలం. అడవి నుంచి ఏరుకొచ్చింది సంతకి పోతేనే డబ్బు. సంతలు ఆగిపోయాయి. అదే లాక్‌డౌన్ మధ్యలో, 2020 ఏప్రిల్ 22న, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం జీవో నంబర్ 3ని కొట్టేసింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన జీవో అది. డీఎస్సీకి చదువుకుంటున్న మన పిల్లలకి అదొక్కటే తలుపు అనుకోండి.

దీన్ని హెడ్డింగ్‌గా రాయమంటే "లాక్‌డౌన్ వేళ గిరిజనులకు డబుల్ వ్యామీ" అని రాసేస్తారు. తప్పు లేదు, నిజంగానే రెండు దెబ్బలు, ఒకే కాలం, ఒకే జనం. కానీ విడదీసి చూడండి. జబ్బుకి యజమాని లేకపోవచ్చు. సంతకి యజమాని ఉన్నాడు. సంతలు ఆపినప్పుడు అటవీ ఫలసాయం గడపగడపకీ వచ్చి కొనే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ఎవరిది? దానికి ఒక ఆఫీసు ఉంది, సిబ్బంది ఉన్నారు. రెండో దెబ్బ పూర్తిగా కాగితం మీద పుట్టింది. దానికి తేదీ ఉంది, కేసు ఉంది, తీర్పు ఉంది. ఆ జీవోని చట్టం ముందు నిలబడేలా గట్టిగా కట్టలేకపోయింది ఎవరు, ఇరవై ఏళ్లలో ఆ పని ఎందుకు చేయలేదు అనే ప్రశ్న ఉంది.

ఇక అతుకు చూడండి. తీర్పొచ్చిన రోజున నలుగురు ఒకచోట చేరడానికి వీల్లేదు. ఐటీడీఏ ముందు కూర్చోవాలన్నా, గ్రామసభ పెట్టాలన్నా, కనీసం పక్క ఊరికి పోయి మాట్లాడాలన్నా కుదరని రోజులు. మామూలు రోజుల్లో ఆ తీర్పొస్తే మన్యం అంతా ఆ రోజే రోడ్డు మీద ఉండేది. లాక్‌డౌన్ ఒక దెబ్బ. తీర్పు ఒక దెబ్బ. మొదటిది నోరు కట్టేసిన టైములో రెండోది తగలడం అసలైన వ్యామీ. ఎద్దు ఆగాల్సిన చోట భవనం కూలడం అంటే ఇదే.

రెండో సంగతి 2022 జులై గోదావరి. భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకి ఇస్తారు. ఆ జులైలో నీరు 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చిన వరద తర్వాత అంత పెద్దది అదే. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల ఊళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. జనం గుట్టలెక్కి బతికారు.

వాన ఆకాశంది. ఒప్పుకుందాం. 1986లో కూడా ఆకాశమే కురిసింది. అయితే 1986కీ 2022కీ మధ్య జరిగినవన్నీ ఆకాశం చేసిందా? పోలవరం ముంపు కోసమని 2014లో చట్టం చేసి ఖమ్మం జిల్లా నుంచి ఈ మండలాల్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. అలా కలిసి ఉభయ గోదావరి జిల్లాల్లోకి వెళ్లినవి, 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాకి కొన్ని, ఏలూరు జిల్లాకి కొన్ని వెళ్లాయి. అంటే అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లిన ఊరి మనిషికి ఎనిమిదేళ్లలో జిల్లా కేంద్రం రెండుసార్లు మారింది. కొత్త జిల్లాలు వచ్చిన నాలుగో నెలలో వరద వచ్చింది. ప్రాజెక్టు పని ముందుకు నడిచింది, పునరావాసం వెనకబడింది. 41.15 కాంటూరు లోపల ఉన్నవాళ్లు ముందు, 45.72 కాంటూరు దాకా ఉన్నవాళ్లు తర్వాత అని లిస్టులు కట్టారు. వరదకి ఆ లిస్టులు తెలీవు. "మీ ఊరు ఇప్పుడే మునగదు" అనిపించుకున్న ఊళ్లలోకి కూడా నీళ్లొచ్చాయి. కాఫర్ డ్యామ్ వల్ల నీరు ఎంతవరకు వెనక్కి తన్నింది అనేదాని మీద రెండు రాష్ట్రాలు వాదించుకున్నాయి.

ఇందులో తాటికాయ ఎంత, రోకలి ఎంత? కురిసింది తాటికాయ. లిస్టు రోకలి. ఖాళీ చేయించే ముందే ఇల్లు చూపించకపోవడం రోకలి. "డబుల్ వ్యామీ" అని ఒక్క మూటలో కట్టేస్తే రోకలి కూడా తాటికాయ లెక్కలోకి పోతుంది. మూట విప్పడమే మన పని.

ఇక్కడ ఒకరు అడగొచ్చు. హెడ్డింగ్‌లో నాలుగు మాటలకే చోటుంటుంది కదా, అంత వివరం ఎక్కడ పెడతారు? ఆ వార్త రాసిన విలేకరి వాన తడుస్తూ ఊరికొచ్చి రాసి ఉంటాడు, అతన్ని తప్పు పట్టడం న్యాయమా? న్యాయం కాదు. అతను రాయకపోతే మన కష్టం ఆ మాత్రం కూడా బయటికి రాదు. నేను తప్పు పట్టేది హెడ్డింగ్‌ని కాదు. వార్త కింద రెండు పేజీలున్నా, రిపోర్టు రెండొందల పేజీలున్నా, ఎవరిదో చెప్పకుండా "పరిస్థితులు కలిసి వచ్చాయి" అని ముగించే అలవాటు ఉందే, దాన్ని. చోటు లేక కాదు, చెప్పడం ఇష్టం లేక రాసే మాట అది.

ఇంకొకరు అడగొచ్చు, ప్రతి కష్టానికీ ఒక దోషి ఉండాల్సిందేనా అని. అక్కర్లేదు. పిడుగు పడుతుంది. పాము కరుస్తుంది. చెట్టు విరుగుతుంది. లేని యజమానిని పుట్టించొద్దు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

వ్యామీ అంటే మొదట దిష్టి అని చెప్పుకున్నాం కదా. మన మన్యంలో దాన్ని చిల్లంగి అంటారు. కొన్నిచోట్ల చేతబడి, ఇంకొన్నిచోట్ల బాణామతి. ఒక ఇంట్లో పిల్లాడికి జ్వరమొస్తుంది. అదే వారం ఎద్దు చస్తుంది. రెండు కష్టాలు కలిశాయి కాబట్టి ఎవరో చేశారనుకుంటారు. ఎవరు? ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ. భూమి తగాదా ఉన్న పక్కింటాయన. కొట్టడం, ఊరి నుంచి తరమడం, చంపడం దాకా పోయిన ఊళ్లు ఉన్నాయి. మనం సిగ్గుతో కాకుండా బాధతో మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

చూడండి, రెండు తప్పులూ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. పేపర్ భాష యజమాని ఉన్న దెబ్బని యజమాని లేని గాలి అంటుంది. చిల్లంగి భయం యజమాని లేని జ్వరానికి పక్కింటి ఆమెని యజమానిని చేస్తుంది. మొదటిదాంట్లో బలమున్నవాడు తప్పించుకుంటాడు. రెండోదాంట్లో బలం లేనిది దొరికిపోతుంది. పిల్లాడి జ్వరానికి నిజంగా యజమానిని వెతకాలంటే పక్కింటికి పోవద్దు. ఊళ్లో దోమల మందు ఎప్పుడు కొట్టారో అడగండి. రక్తపరీక్ష చేసే మనిషి ఎన్నాళ్లుగా రాలేదో అడగండి. రోడ్డు మంజూరైందని బోర్డు పెట్టి ఎన్నేళ్లయిందో అడగండి.

మలేరియాకి మందుంది. మందు దొరికిన జ్వరం మామూలు వ్యామీ, ఎద్దుని ఆపేంత. రోడ్డు లేకపోవడం కూడా ఒంట్లో బాగున్నప్పుడు నడిచి దాటే కష్టమే. జ్వరం వచ్చిన గర్భిణిని డోలీలో వేసుకుని వాగు దాటించాల్సి వచ్చినప్పుడు రెండూ కలుస్తాయి. అప్పుడు ఆ రెండు చిన్న కష్టాలు కలిసి ప్రాణం తీస్తాయి. వైద్యశాఖ తన కాగితంలో జ్వరం అని రాసుకుంటుంది. రోడ్ల శాఖ కాగితంలో చావు అనే మాటే ఉండదు. చావు ఆ రెండు కాగితాల మధ్యలో జరిగింది. అక్కడ ఏ శాఖా లేదు.

ఈ మాటని మనం పారేయక్కర్లేదు అనడానికి కారణం కూడా ఇదే. "డబుల్ వ్యామీ" సరిగ్గా వాడితే ఆ మధ్య ఖాళీని చూపించగలదు. వాడే పద్ధతి ఇలా ఉండాలి.

అర్జీ రాసేటప్పుడు రెండు దెబ్బల్నీ ఒకే వాక్యంలో కలపొద్దు. "వరద వల్ల, పరిహారం రాక, సర్వం కోల్పోయి తీవ్ర ఇబ్బందులు పడుతున్నాము" అని రాస్తే ఆ కాగితం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కి తిరుగుతుంది. రెవెన్యూ వాళ్లు ప్రాజెక్టు వాళ్లదంటారు. ప్రాజెక్టు వాళ్లు ఐటీడీఏదంటారు. జంట కష్టంలో ఉన్న మోసమే అది. రెండు ఆఫీసుల మీద పడింది కాబట్టి ఏ ఆఫీసు మీదా పడదు.

అందుకని విడివిడిగా రాయండి. మొదటి దెబ్బ: ఏం జరిగింది, ఏ తేదీన, ఎవరి పని లేదా ఎవరూ చేయలేనిదా. రెండో దెబ్బ: ఏం జరిగింది, ఏ తేదీన, ఏ ఉత్తర్వు, ఏ ఆఫీసు. ఉత్తర్వు కాపీ లేకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద అడగండి. ఇక మూడో పేరా అతుకు గురించి: మొదటి దెబ్బ తగిలి ఉన్నప్పుడు రెండోది తగలడం వల్ల అదనంగా ఏం పోయింది. "పరిహారం వరద కంటే ముందే వచ్చి ఉంటే ఈ ఇంటివాళ్లు గుట్ట మీద ఇల్లు కట్టుకుని ఉండేవాళ్లు" అని రాయండి. అలా రాస్తే వానని నిందించి తప్పించుకోవడం కష్టం. గ్రామసభ తీర్మానం రాసినా, ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసినా పద్ధతి ఇదే.

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లున్నారు మీలో. సంతోషం, ఇంకా చాలామంది కావాలి. "డబుల్ వ్యామీ ఫర్ ఆదివాసీస్" అని రాయబోతున్నప్పుడు ఒక్క క్షణం ఆగి, "ఫర్" తీసేసి చూడండి. ముందు పేరు పెట్టి రాయగలరా? ఫలానా శాఖ వారి డబుల్ వ్యామీ అని? రాయగలిగితే, రుజువుంటే, అలాగే రాయండి. రాయలేకపోతే ఇంకా తెలుసుకోవాల్సింది ఉందని అర్థం. తెలుసుకున్నాక నిజంగా వానే, నిజంగా పిడుగే అని తేలితే అదే రాయండి. మన మాటకి విలువ అక్కడే పెరుగుతుంది.

ఇంకో పని కూడా ఉంది. ఇవన్నీ ఇంగ్లిష్, తెలుగు మాటలు. కోయలో, గోండిలో, కొలామీలో, కువిలో, సవరలో రెండు కష్టాలు కలిసి రావడాన్ని ఏమంటారో మీ అవ్వనీ తాతనీ అడగండి. ఆ మాటలో కష్టం తనంతట తాను పడుతుందా, ఎవరైనా వేస్తారా అని కూడా అడగండి. రాసి పెట్టుకోండి. రేపు మన కథ మనమే రాసుకునేటప్పుడు అరువు మాట కంటే ఆ మాట బాగా పనికొస్తుంది.